మచ్చలేని జంట

లాయం పక్క గది,
సోమవారం పొద్దున్న

మరదలు పిల్లకి,

నువ్వు ఉత్తరం రాయడం లేదని అలిగి నేనూ మానేశాను. ఎవరు ముందు దిగొస్తారా అని చూశాను. నేనే దిగొచ్చాను. కారణం ఏమిటంటే మా కొంప మునిగింది.

మన నల్ల ఆడ గుర్రం మొన్న ఈనింది. ఆడపిల్ల. గంటలో లేచి నిలబడి పాలు తాగింది, అంతవరకూ అన్నీ శుభమే. దాని రంగే మా ప్రాణం తీస్తోంది. తల్లి కటిక నలుపు. తండ్రి, అంటే నా మగ గుర్రం, అంతకన్నా నలుపు. ఇద్దరి ఒంటి మీదా ఆవగింజంత తెలుపు లేదు. ఈ పిల్లకేమో మొహమంతా తెలుపు, నాలుగు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా తెలుపు, పొట్ట తెలుపు, తోక చివర తెలుపు. నడుం పట్టుకుని సున్నపు తొట్టిలో ముంచి తీసినట్టుంది. పైగా కళ్ళు రెండూ నీలం! చూస్తుంటే నాకే సిగ్గేస్తోంది.

మా గుర్రాల సంఘం సంగతి నీకు తెలుసు కదా. ఒంటిమీద తెల్ల మచ్చ ఉన్న గుర్రాన్ని రిజిస్టరులో ఎక్కించరు. మూడు నెలల్లో తనిఖీ ఆయన పిల్లని చూడ్డానికి వస్తాడు. వచ్చి ఈ సున్నపు బొమ్మని చూసి ఏమంటాడు?

జరిగిందేమిటో నాకు తెలుసు. గోడకి అవతల పళ్ళ డాక్టరున్నాడు చూడు, ఆయనకి ఒళ్ళంతా మచ్చలున్న మగ గుర్రం ఒకటుంది. పదకొండు నెలల కిందట ఒక మధ్యాహ్నం మన వెనక గేటు గడియ తీసి ఉంది. గడియ వెయ్యాల్సింది లాయం తాత. మా నాన్నగారి రోజుల నుంచి ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే పని చేస్తున్నాడు. "వేశావా లేదా?" అని నిలదీస్తే "గుర్తు లేదయ్యగారూ" అన్నాడు. ఇంకేం కావాలి? ఈ నెలాఖరుకి పని మానుకోమని చెప్పేశాను. అయిన దానికీ కాని దానికీ నాతో వాదించే మీ అక్క ఈ విషయంలో నోరే మెదపలేదు. నేను చేసింది సబబేనని దాని అర్థం.

నీ వల్ల కావాల్సింది చిన్న పని. జంతువుల వెంట్రుకలు చూసి ఎవరికి పుట్టిందో చెప్పే చోటే కదా నీ ఉద్యోగం. మీ ఆఫీసు కాయితం మీద "ఈ పిల్లకి తండ్రి పళ్ళ డాక్టరు గుర్రమే" అని రెండు ముక్కలు రాసి, కింద స్టాంపు కొట్టి పంపు. నా మగ గుర్రానికి మాట రాకుండా ఉంటే చాలు. ఆ జంతువు తల నేను స్వయంగా నా చేత్తో దువ్వుతాను, పనివాళ్ళని ముట్టనివ్వను. మీ అక్క ఆడ గుర్రానికి తనే స్నానం చేయిస్తుంది. అంత అపురూపంగా చూసుకునే గుర్రాలకి ఇలాంటి అప్రతిష్ఠా?

మీ బావ


ప్రయోగశాల, రెండో అంతస్తు,
శుక్రవారం

బావగారికి నమస్కారాలు.

నేను అలగలేదు, పని ఎక్కువై రాయలేదు. మీరు అలిగారని కూడా ఇప్పుడే తెలిసింది. ముందే చెప్పుంటే కనీసం బతిమాలేదాన్ని.

మీరడిగిన కాయితం ఇవ్వను. ముందు తీర్పు రాసుకుని తర్వాత పరీక్ష చేసే పద్ధతి మా దగ్గర లేదు. కొంచెం ఓపిక పట్టి చదవండి.

గుర్రం ఒంటి మీద తెలుపు అనేది రంగు కాదు, రంగు చేరని చోటు. పిల్ల కడుపులో ఉన్నప్పుడు రంగునిచ్చే కణాలు వెన్ను దగ్గర బయల్దేరి కిందికీ ముందుకీ పాకుతాయి. ఇంటి కప్పు నుంచి రంగు వేసుకుంటూ దిగే పనివాళ్ళనుకోండి. వాళ్ళు తక్కువైనా, ఆలస్యమైనా చివరి మూలలు అలాగే మిగిలిపోతాయి. అందుకే తెలుపెప్పుడూ మొహం, కాళ్ళు, పొట్ట దగ్గరే కనిపిస్తుంది. ఈ పనివాళ్ళని ఆలస్యం చేసే జన్యువులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. పళ్ళ డాక్టరు గారి గుర్రం మచ్చలు ఒక రకం. మీరు వర్ణించిన సున్నపు తొట్టి పూర్తిగా వేరే రకం. చదవగానే నాకు అనుమానం వచ్చింది, కానీ ఇప్పుడే చెప్పను.

మీరు చెయ్యాల్సిన పని. తల్లి, మీ మగ గుర్రం, పిల్ల, డాక్టరు గారి గుర్రం, నాలుగింటి జూలు నుంచీ తలా ముప్ఫై వెంట్రుకలు పీకి, విడివిడి కవర్లలో పెట్టి పంపండి. కత్తెరతో కోస్తే పనికిరాదు, కుదుళ్ళతో సహా రావాలి. అవి కాక, మీ జంట గుర్రాల నుదుటి మధ్య నుంచి పదేసి వెంట్రుకలు పట్టకారుతో పీకి వేరే కవర్లలో పెట్టండి. ఎందుకని అడక్కండి, అది నా సరదా.

ఇంకొకటి. పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు దూరం నుంచి పళ్ళెం మీద గరిటెతో గట్టిగా కొట్టి, అది ఇటు తిరిగిందో లేదో రాయండి.

ఫలితం వచ్చేదాకా లాయం తాతని కదపకండి బావా. చిన్నప్పుడు సెలవుల్లో మీ ఇంటికొస్తే నన్ను మొదటిసారి గుర్రం ఎక్కించింది ఆయన. నేను పడి ఏడుస్తుంటే అందరూ నవ్వారు, ఆయనొక్కడే నవ్వలేదు. ఇది మాత్రం సరదాకి రాయడం లేదు.

మీ మరదలు


లాయం పక్క గది,
ఆ పై వారం, ఆదివారం

మరదలు పిల్లకి,

వెంట్రుకలు పంపుతున్నాను. నా పరువు తీసి మరీ పంపుతున్నాను, జాగ్రత్తగా చూడు.

మన ఇంటి మూడింటివీ తేలిగ్గానే వచ్చాయి. పళ్ళ డాక్టరు గుర్రానివి సంపాదించడం ఎలా? నేరుగా అడిగితే "ఎందుకు?" అంటాడు. అందుకని పంటి నొప్పి అని వెళ్ళాను. నాకు ఏ నొప్పీ లేదు. ఆయన దీపం పెట్టి చూసి "అబ్బో, ఇది పీకెయ్యాల్సిందే" అన్నాడు. నేను వెంట్రుకలు పీకడానికి వెళ్తే ఆయన నా పన్ను పీకుతానంటాడేమిటి! మందు తీసుకుని రేపొస్తానని తప్పించుకుని, వెళ్తూ వెళ్తూ "మీ గుర్రం ఎంత అందంగా ఉందండీ" అని కంచె దగ్గరికి వెళ్ళాను. జూలు నిమిరినట్టే నిమిరి గుప్పెడు పట్టుకుని లాగాను. అది నా చొక్కా భుజం పట్టుకుని లాగింది. ఎవరి వాటా వాళ్ళం తీసుకున్నాం. డాక్టరు కిటికీలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. నిన్న రోడ్డు మీద కనపడి "పన్ను ఎలా ఉంది?" అని అడిగిన తీరు నాకు నచ్చలేదు.

నుదుటి వెంట్రుకలు కూడా పెట్టాను. మగ గుర్రానివి నేను పీకాను, ఆడ గుర్రానివి మీ అక్క పీకింది. రెండూ కాటుకలా ఉన్నాయి, కావాలంటే నీ భూతద్దాలన్నీ పెట్టి చూసుకో. మీ అక్క మాత్రం "ఈ పరీక్షలన్నీ ఇప్పుడెందుకు, పుట్టిందేదో పుట్టింది" అని రెండు రోజులు సణిగింది. ఎప్పుడూ చెల్లెలి చదువు గురించి ఊరంతా చాటే మనిషి!

నీ గరిటె పరీక్ష చేశాను. పళ్ళెం సొట్ట పోయింది కానీ పిల్ల తిరగలేదు. పొగరు. పిలిస్తే పలకకపోవడం అచ్చం మీ నాన్నగారి పోలిక.

లాయం తాతని మొన్ననే పంపించేశాను. నెలాఖరు దాకా ఎందుకులే అనిపించింది. నీ ఉత్తరం అందాకే పంపాను, అబద్ధం ఎందుకు. ఒక్క మాట అనకుండా సంచి సర్దుకుని కూతురింటికి వెళ్ళాడు. వెళ్ళేముందు పిల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడట. కొత్తగా పెట్టుకున్న మనిషి గొంతు చించుకుని అరిచినా పిల్ల దగ్గరికి రావడం లేదు. నిన్న ఉలిక్కిపడి కంచెలోకి దూసుకెళ్ళి ఛాతీ గీరుకుంది. నాలుగు రోజుల్లో అలవాటవుతుందిలే.

మీ బావ


ప్రయోగశాల, రెండో అంతస్తు,
బుధవారం

బావగారికి,

ఫలితాలు వచ్చాయి. కూర్చునే చదవండి.

డాక్టరు గారి గుర్రానికి ఈ పిల్లతో ఏ సంబంధమూ లేదు. ఆయన్ని చూసినప్పుడు కనీసం నవ్వండి, పన్ను కూడా చూపించుకోండి. పిల్లకి తండ్రి నూటికి నూరుపాళ్ళూ మీ మగ గుర్రమే. ఆ మధ్యాహ్నం తాత గడియ వేశాడా లేదా అన్నది ఇక ఎవరికీ అక్కర్లేదు. గేటు మొత్తం పీకేసినా ఇదే పిల్ల పుట్టేది.

మరి తెలుపు ఎక్కడిది? ప్రతి జన్యువూ ప్రతి గుర్రంలోనూ జంటగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మీ మగ గుర్రంలో సున్నపు తొట్టి జన్యువు ఒకటుంది. ఆడ గుర్రంలోనూ ఒకటుంది. ఇద్దరూ తమ దగ్గరున్న ఆ ఒక్కటే పిల్లకిచ్చారు, దానికి రెండూ కలిశాయి. అందుకే అంత తెలుపు, ఆ నీలం కళ్ళు. ఈ జంటకి పుట్టే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు ఇలా జరిగే అవకాశం ఉంది. ఇంకోసారి ఈ రెండింటినీ కలపకండి.

ఇప్పుడు నా సరదా సంగతి. ఆ జన్యువు ఒక్కటే ఉన్న గుర్రం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ చాలావరకు ఎక్కడో ఒకచోట గుర్తు మిగులుతుంది. నుదుటి మీద ఒక చుక్కో, మూతి దాకా ఒక గీతో, కాలికి తెల్ల మేజోడో. మీరేమో "ఆవగింజంత తెలుపు లేదు" అని రాశారు. ఒక గుర్రానికి లేదంటే సరేననుకునేదాన్ని. రెండింటికీ లేదంటే నా చెవిలో పువ్వు పెడుతున్నారనిపించింది. అందుకే నుదుటి వెంట్రుకలు అడిగాను.

బావా, పీకిన వెంట్రుకకి చర్మం లోపల ఉండే ముక్క కూడా వస్తుంది. పైన పూసిన రంగు అక్కడికి వెళ్ళదు. మీరు ముందురోజు ఎంత శ్రద్ధగా పట్టించినా వెళ్ళదు. అద్దం కింద చూస్తే పైనంతా కాటుక, కుదురు దగ్గర దూది. రెండు గుర్రాలవీ అంతే! నా పక్క బల్ల ఆవిడని కూడా పిలిచి చూపించాను. "ఎవరివి?" అంది. "మా బావగారి మీసానివి" అన్నాను. నమ్మేసింది.

ఒక పూట హాయిగా నవ్వుకున్నాను. తర్వాత తాత గుర్తొచ్చాడు, నవ్వు ఆగిపోయింది. మీ గుర్రం నుదుటి మీద తెలుపుందని మీకు తెలుసు. తెలిసీ ఆ పెద్దాయన్ని ముప్ఫై ఏళ్ళ పనిలోంచి పంపించేశారు. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది.

పిల్లకి పొగరు లేదు. దానికి వినపడదు. చెవి లోపల కూడా ఆ రంగు కణాలే పని చెయ్యాలి, అక్కడికీ అవి చేరలేదు. ఈ రకం తెలుపున్న గుర్రాల్లో ఇది మామూలే. కొత్త మనిషిని అరవడం మానమనండి. తాత ఉండగా పిల్ల ఆయన దగ్గరికి వచ్చేదా? అయితే ఎలా పిలిచేవాడో ఎవరైనా చూశారా?

మరదలు


లాయం పక్క గది,
అందిన రోజే

మరదలా,

కోప్పడు. నేను పడతాను.

మగ గుర్రానికి నుదుటి మీద నక్షత్రం, ముందు కాలికి మేజోడు ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట సంత నుంచి తెచ్చేటప్పుడు చీకట్లో చూసుకోలేదు. ఇంటికొచ్చాక కనిపించాయి, కానీ "గుర్రాన్ని చూడ్డం నీకేం తెలుసు" అని మీ అక్కని అప్పటికే అనేసి ఉన్నాను. ఏ మొహంతో చెప్పను? నా మీసం రంగు సీసా చేతికి దొరికింది. అప్పట్నుంచి మూడు వారాలకోసారి వేస్తున్నాను. చిన్న చుక్కే కదా, దానివల్ల పిల్లకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఒట్టు, ఏమీ తెలియదు. పిల్ల పుట్టాక భయం వేసింది. తప్పు డాక్టరు గుర్రం మీదికి పోతే నా గుర్రం నుదురు ఎవరూ తడిపి చూడరనుకున్నాను. తాత మీదికి తోసేశాను.

కానీ ఒక్క మాట. ఆడ గుర్రానికి నేను వెయ్యలేదు. దాని నుదుటి మీద తెలుపుందని ఇప్పటిదాకా నాకు తెలియదు. నీ అద్దం పొరబడిందా?

బావ


ప్రయోగశాల,
శనివారం, టీ విరామంలో

బావగారూ,

అద్దం పొరబడలేదు. మగ గుర్రానికి పూసిన రంగు కటిక నలుపు. ఆడ గుర్రానికి పూసిన రంగులో కొంచెం ఎరుపు జీర ఉంది. ఆ రంగు మీ ఊళ్ళో దొరకదు, ఇక్కడి కొట్లో నేనే కొని పంపుతాను. ఏడాదికి ఆరు సీసాలు. తల మీద ఒక్క తెల్ల వెంట్రుక లేని మనిషికి అన్ని సీసాలెందుకని నేనెప్పుడూ అడగలేదు, ముందు జాగ్రత్త అనుకున్నాను.

ఇక మీరు కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళండి. పెద్దగా అరవకండి. అరిచే హక్కు మీకు లేదు.

మరదలు


లాయం పక్క గది,
మూడు వారాల తర్వాత

మరదలు పిల్లకి,

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో చెప్తాను.

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మీ అక్క చదివింది. అరవనని నేను అనుకున్నాను కానీ అరిచాను. ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది. "మీరు ఎంచిన గుర్రమే గొప్పదని రోజుకి పదిసార్లు అనకపోతే నాకీ ఖర్మ ఎందుకు?" అంది. ఆ ఆడ గుర్రాన్ని ఎంచింది తను కదా. దానికీ నుదుటి మీద చుక్క, వెనక కాలికి మేజోడు. నాకు తెలిస్తే జన్మంతా దెప్పుతానని స్నానం వంకతో తను రంగు వేస్తోంది. నేనేమో దువ్వడం వంకతో! నాలుగేళ్ళుగా ఒకే లాయంలో, ఒకరికి తెలియకుండా ఒకరం. అరిచి అరిచి ఇద్దరికీ నవ్వొచ్చింది. కిందపడి నవ్వాం.

ముందు ఆగింది మీ అక్కే. "తాత గురించి నేనెందుకు నోరెత్తలేదో తెలుసా? ఎత్తితే నా గుర్రం సంగతి బయటికొస్తుందని" అంది. నాదీ అదే కారణం. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం.

మర్నాడు ఇద్దరం తాత కూతురింటికి వెళ్ళాం. మూడో అంతస్తు, ఒకే గది, వరండాలో ఆరేసిన బట్టలు. తాత నేల మీద కూర్చుని విరిగిన కుర్చీ కాలు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి మంచి కుర్చీ మీ అక్కకి వేశాడు. నేను నిలబడే చెప్పాను. గుర్రాల సంగతి, రంగు సంగతి, అన్నీ. ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసయ్యగారూ" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మొదటేడు వానాకాలంలో మగ గుర్రం తడిసొచ్చింది. తుడిస్తే తువ్వాలంతా నలుపు, నుదుటి మీద చుక్క. తర్వాత వారం ఆడదాన్ని తుడిస్తే తువ్వాలు ఎర్రనలుపు. అప్పట్నుంచి వానొస్తే రెండింటినీ నేనే ముందు లోపలికి తోలేవాణ్ణి. మీకు తెలియకూడదని అమ్మగారు, అమ్మగారికి తెలియకూడదని మీరు. మధ్యలో నేనెవర్ని?"

"నిన్ను పొమ్మన్నప్పుడైనా చెప్పొచ్చుగా తాతా! ఒక్క మాట చెప్తే నీ పని నిలిచేది."

"నా పని నిలబెట్టుకోడానికి మీ ఇద్దరికీ తగువు పెట్టమంటారా?" అన్నాడు. అని స్క్రూ బిగించుకుంటూ కూర్చున్నాడు.

మీ అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నీకు చెప్పడానికి సిగ్గేమిటి. రమ్మని అడిగాం. వెంటనే ఒప్పుకోలేదు. "వస్తే మళ్ళీ వానలో ఉరకాలి. నాకు మోకాళ్ళ నొప్పులు. ముందు ఆ సంఘం వాళ్ళకి ఉన్నదున్నట్టు రాయండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ ఇంటి బల్ల మీదే కూర్చుని రాశాను. మగ గుర్రం సంగతి నేను రాసి సంతకం పెట్టాను, ఆడ గుర్రం సంగతి కింద మీ అక్క రాసింది. మా ఇద్దరి మధ్యా ఇంత పొందిక ఎప్పుడూ లేదు. పోస్టు డబ్బాలో తాతే వేశాడు, మమ్మల్ని నమ్మక.

జవాబు మొన్న వచ్చింది. రెండు గుర్రాలనీ రిజిస్టరు నుంచి తీసేశారు. తనిఖీ ఆయన ఇక రాడు. పిల్లకి కాయితాలు ఉండవు. చదివి వినిపిస్తే తాత "ఉన్నదున్నట్టే రాశారు" అని సంచి సర్దుకున్నాడు.

వచ్చీ రాగానే పిల్ల దగ్గరికి వెళ్ళాడు. అది అటు తిరిగి గడ్డి తింటోంది. పిలవలేదు. లాయం చెక్క నేల మీద మడమతో రెండుసార్లు తట్టాడు, అంతే. గిరుక్కున తిరిగి వచ్చి ఆయన చంకలో మూతి పెట్టింది. పుట్టిన మర్నాడే దానికి వినపడదని కనిపెట్టి అలా అలవాటు చేశాడట. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "చెబుదామనే వచ్చానయ్యా. అప్పుడే మీరు గేటు గడియ సంగతి ఎత్తారు" అన్నాడు.

పిల్ల మెడ నిమురుతూ "పాపం, వినికిడి లేకుండా పుట్టింది" అన్నాను.

"పాపమేముందయ్యగారూ? పుట్టిన దగ్గర్నుంచి దాని తల్లి గురించి ఈ ఇంట్లో అన్న మాటలు దానికి ఒక్కటీ వినపడలేదు" అన్నాడు. "నా గురించి అన్నవి నాకు అన్నీ వినపడ్డాయి."

అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నేను లాయం తాళాలు తీసి రెండు చేతులతో ఇచ్చాను. తీసుకుని, సాయంత్రం దాణా వెయ్యడానికి వెళ్ళాడు.

మీ బావ